ఇంద్రజ పుట్టినరోజుకు గుర్రం

"ఇదేందీ? ఎప్పుడు తగిలింది?"

నువ్వుల నూనె రాస్తున్న మహానందమ్మ చేయి మనవరాలి తుంటి దగ్గర ఆగిపోయింది. అక్కడ అరచేయంత మేర చర్మం కమిలి నల్లబడింది. అంచులు పచ్చబారుతున్నాయి. నిన్నో మొన్నో తగిలిన దెబ్బ కాదు.

ఇంద్రజ పీట మీద కూర్చునే మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

"నిన్నే అడుగుతాండా అమ్మీ. నేను వెలుగోడు పోయి వచ్చేలోపల ఏం చేసుకున్న్యావు? బడిలో పడినావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. అంతలోనే నిలువుగా ఊపింది. తర్వాత మెల్లగా వంటింటి గుమ్మం వైపు చూసింది.

మహానందమ్మకు ఆ చూపు చాలు.

"బిందూ!"

వంటింట్లో దోసె తిరగేయబోతున్న హిమబిందుకు బయటి మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. పెనం మీద దోసె మాడుతోంది. పొయ్యి ఆపి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం అత్తా?"

"ఈ దెబ్బ యాడిది?"

"బడిలో ఆడుకుంటా పడిందంట అత్తా. నాకు చెప్పింది."

అనేసిన తర్వాత గానీ హిమబిందు కూతురి మొహం చూడలేదు. ఇంద్రజ కళ్ళు పెద్దవి చేసి తననే చూస్తోంది. ఎవరికీ చెప్పొద్దని అన్న అమ్మ ఇప్పుడు ఇంకేదో చెప్తోంది. తను దేన్ని పట్టుకోవాలో ఆ పిల్లకు అర్థం కావడం లేదు.

మహానందమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "బడిలోనేనా బంగారూ?"

ఇంద్రజ తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, చెప్పొచ్చా?"

పెరట్లో కుళాయి కింద బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. ఎవరూ దాన్ని ఆపలేదు.

"గుర్రం మీద నుంచి పడింది అత్తా" అంది హిమబిందు నేల చూస్తూ. "పోయిన ఆదివారం. ఆళ్ళగడ్డలో, మా అన్న తోటలో."

మహానందమ్మ అరుస్తుందనుకుంది. అరవలేదు. మళ్ళీ గిన్నెలో వేళ్ళు ముంచి, పిల్ల ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుంది. ఆ కాలు కుడికాలంత లావు లేదు, అంత పొడవూ లేదు. పుట్టినప్పుడే పాదం లోపలికి తిరిగి ఉంది. పసిపిల్లప్పుడు నెలల తరబడి పిండికట్లు వేశారు, చిన్న ఆపరేషను చేశారు. పాదం తిన్నబడింది గానీ నడకలో ఒరుగు మిగిలిపోయింది. అడుగు ఎత్తుగా కుట్టిన బూటు వేస్తారు. ఆ కాలికి రోజూ నూనె పట్టేది మహానందమ్మే. కోడలికైనా, కొడుక్కైనా ఆ పని వదల్లేదు.

మడమ నుంచి మోకాలి దాకా నిదానంగా నూనె రాసి, నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి పిల్లను పంపించింది. అప్పుడు నిలబడి కొడుకును పిలిచింది.

"ప్రశాంతూ! అంగడి తర్వాత తెరుద్దువుగానీ, ఇట్ల రా."

ప్రశాంత్ విత్తనాల అంగడి తాళాలు చేతిలో పట్టుకునే వచ్చాడు. తల్లి చెప్పింది విని భార్య వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆపేస్తారని."

"ఆపేవాన్నే! తండ్రిని కాదా నేను?"

"శానా చిన్న దెబ్బ అండీ. ఎముక్కేం కాలేదు. అన్న ఆ పొద్దే డాక్టరుకు చూపించినాడు."

"డాక్టరు దాకా పోయినారా!" మహానందమ్మ గోడకు చేయి ఆనించింది. "డాక్టరు దాకా పోయి, ఇంటికొచ్చి నోరు మూసుకొని కూర్చున్న్యారు. ఈ ఇంట్లో నేనొకదాన్ని ఉండాననన్నా అనుకున్న్యారా?"

ప్రశాంత్‌కు కోపం కంటే ముందు భయం వచ్చింది. నిన్న సాయంత్రమే పిల్ల క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో పిలుపు పెట్టాడు తను. గుర్రం బొమ్మ, పక్కన ఇంద్రజ ఫోటో, వచ్చే ఆదివారం పొద్దున ఆళ్ళగడ్డ తోటలో గుర్రపు స్వారీతో ఆరో పుట్టినరోజు. తోటకు దారి కూడా పెట్టాడు. అందరూ బొటనవేలి గుర్తు పెట్టారు. ఎంత సంబరపడ్డాడో!

"ముప్పై మంది పిల్లోళ్ళను పిలిచినా బిందూ. పడిందని తెలిసుంటే పిలుస్తాంటినా? ఆ పిల్లోళ్ళలో ఎవురన్నా పడితే వాళ్ళ అమ్మా నాయనలకు నేనేం చెప్పల్ల?"

"పడరు. అన్న పట్టుకొనుంటాడు."

"మన పాపనూ పట్టుకొనే ఉన్న్యాడు కదా!"



"పుట్టినరోజంటే ఒక కేకు కోసి, చాక్లెట్లు పంచితే చాలదా?" అంది మహానందమ్మ. "సరిగ్గా నడిచే పిల్లోళ్ళే గుర్రమెక్కేకి భయపడతారు. ఈ పిల్లను ఎక్కియ్యల్లనా? ఆ కాలు ఒక దోవకు వచ్చేకి ఎన్ని కష్టాలు పడినాం! మళ్ళా ఏమన్నా అయితే?"

"ఏమన్నా అవుతాదని కూర్చోబెడితే ఎప్పుడు తిరుగుతాది అత్తా? బూటు కనపడకూడదని పొడుగు పరికిణీలు కుట్టిస్తారు. బడి ఫోటోలో వెనక వరసలో నిలబెట్టమని టీచరుకు చెప్పినారు. ఎన్నేండ్లు దాచిపెడతాం?"

"దాచిపెట్టినానా?" మహానందమ్మ గొంతు సన్నబడింది. "నేను దాచిపెట్టినానా ఆ పిల్లను?"

ఆ మాట అనకుండా ఉండాల్సిందని హిమబిందుకు వెంటనే తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు.

ప్రశాంత్ మధ్యలోకి వచ్చాడు. "అమ్మనంటావా? నువ్వు చేసిందేంది? ఆరేండ్లు నిండని పిల్లతో అబద్ధం చెప్పిస్తాండావు. 'చెప్పొచ్చా' అని నిన్ను అడిగిందంట. విన్న్యావా నువ్వు?"

విన్నది. అప్పటి నుంచీ హిమబిందు చెవుల్లో ఆ మాటే తిరుగుతోంది.

*

మధ్యాహ్నానికి గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి.

'సారీ, మాకు ఆ పొద్దు డోన్‌లో పెండ్లి ఉంది.' 'మా బాబుకు జలుబు, రాలేమేమో.' 'ఇంకోసారి ఎప్పుడన్నా కలుద్దాం.' తర్వాత ఒకావిడ దాపరికం లేకుండానే అడిగింది: 'మీ పాప పడిందంట కదా, ఇప్పుడు ఎట్లుండాది?'

హిమబిందు ఫోను పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది.

"అత్తా, మీరు ఎవరికన్నా చెప్పినారా?"

"పక్కింటి జీవమ్మకు చెప్పినా."

జీవమ్మ మనవరాలు వినీత ఇంద్రజ క్లాసే.

"ఎందుకు చెప్పినారు?"

"నా బాధ నేను యాడ చెప్పుకోవల్ల?" మహానందమ్మ మంచం మీద అటు తిరిగి పడుకునే ఉంది. "ఇంట్లో నాతో ఎవురన్నా ఏమన్నా చెప్తాండారా, నేను వాళ్ళతో చెప్పుకునేకి?"

కావాలని చేసింది కాదని ఆ గొంతు వింటేనే తెలుస్తోంది. హిమబిందు తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

హాల్లో ఇంద్రజ నేల మీద రంగు కాగితాలు పరుచుకుని కూర్చుంది. పొడుగు పొడుగు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో దాని కొసన పువ్వు బొమ్మ గీస్తోంది. గుర్రం మెడకు కట్టాలట.

"అమ్మా, వినీత వస్తాదా?"

"చూద్దాం."

"ఆద్య?"

"చూద్దాంలే అమ్మా."

"అందరూ చూద్దామేనా?"

హిమబిందు పక్కన కూర్చుని కత్తెర అందుకుంది. ఇద్దరూ కలిసి కాగితాలు కత్తిరించారు. తల్లి కత్తిరించిన ముక్కలు వంకరగా వస్తుంటే పిల్ల వాటిని తీసి పక్కన పెట్టింది.

సాయంత్రం కాఫీ తాగుతూ మహానందమ్మ గది బయటికి వచ్చింది. ఎవరి మొహమూ చూడలేదు.

"రేపు మీరు ఏర్పాట్లు చూసేకి ఆళ్ళగడ్డ పోతారు కదా. నేనూ వస్తా."

"ఎందుకు మా?" ప్రశాంత్ అనుమానంగా చూశాడు.

"ఆ గుర్రాన్ని నా కండ్లతో చూడల్ల."

"చూసి వద్దంటావు. అంతే కదా? అదేదో ఈడే చెప్పెయ్. గ్రూపులో పెట్టేస్తా, లేదని."

"చూసినాక చెప్తా అంటాండా కదా. ఎందుకు తొందర?"

*

కారు నంద్యాల దాటి అయ్యలూరు మెట్ట ఎక్కింది. ప్రశాంత్ నడుపుతున్నాడు. వెనక సీట్లో అత్తాకోడళ్ళ మధ్య ఇంద్రజ. ప్యాంటు వేసుకుంది. బయల్దేరేటప్పుడు మహానందమ్మ ఆ ప్యాంటునూ కింద కనబడుతున్న బూటునూ చూసింది గానీ పరికిణీ తెమ్మనలేదు.

శిరివెళ్ళ వచ్చింది. దోవకు రెండు పక్కలా వరి, అక్కడక్కడా పత్తి. ఎడమ వైపు దూరంగా నల్లమల కొండలు. ఇంద్రజ జేజి మహానందమ్మ ఒళ్ళో తల పెట్టి కళ్ళు మూసుకుంది.

"నిద్రపోయినట్లుంది" అంది మహానందమ్మ. కిటికీ బయటికి చూస్తూ అడిగింది. "ఎందుకు బిందూ నీకు ఇంత పంతం? గుర్రమే ఎందుకు?"



"ఒక పొద్దు బడికి బేగా పోయినా అత్తా, పాపను తీసుకొచ్చేకి. పిల్లోళ్ళందరూ గ్రౌండులో ఉన్న్యారు. పాప నడుస్తాంది. దాని వెనక పవన్ అని ఒక పిల్లోడు, అచ్చం దాని మాదిరే ఒరిగి ఒరిగి నడుస్తాండాడు. అందరూ నవ్వుతాండారు."

మహానందమ్మ చేయి మనవరాలి జుట్టులో ఆగింది.

"టీచరుకు చెప్పలేదా?"

"చెప్పినా. వాన్ని పిలిచి తిట్టినారు. అది కాదత్తా. మన పాప కూడా వాళ్ళతోపాటు నవ్వుతాంది. వెనక్కి తిరిగి వాన్ని చూసి, నవ్వుతాంది. అది చూడలేకపోయినా నేను. అందరూ తలెత్తి దాన్ని చూడల్ల అనిపించింది. ఒక్కపొద్దన్నా."

ముందు సీట్లో ప్రశాంత్ అద్దంలోంచి భార్యను చూశాడు. ఈ సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది. ఏదో అనబోయి, లారీ ఎదురొస్తే రోడ్డు మీదికి చూపు మళ్ళించుకున్నాడు.

ఇంద్రజ కళ్ళు మూసుకునే ఉంది. కానీ ఆ కనురెప్పల కింద ఏదో కదిలినట్లనిపించింది మహానందమ్మకు. కోడలికి సైగ చేసింది, చాలించమని.

*

ఆళ్ళగడ్డ ఊరి బయట, రాతి విగ్రహాలు చెక్కే కొట్టాలు దాటాక, మట్టిదారిలో హిమబిందు పుట్టింటి తోట. కారు చప్పుడు విని ఆమె తల్లి రామేశ్వరమ్మ ఎదురొచ్చింది. వియ్యపురాలు కూడా దిగడం చూసి నవ్వబోయింది, ఆ నవ్వు సగంలోనే ఆగింది.

"రా వదినా. నీళ్ళు తాగు ముందు."

"నీళ్ళు తర్వాత తాగుతాలే వదినా. గుర్రం యాడుండాది?"

హిమబిందు అన్న నరేంద్ర కొట్టం ముందర నిలబడి ఉన్నాడు. మహానందమ్మను చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదే అత్తా. బిందును ఏమీ అనద్దు. డాక్టరు దగ్గర నుంచి వస్తానే మీకు ఫోను చేద్దామనుకున్న్యా. ధైర్యం చాల్లేదు."

మహానందమ్మ అతని భుజం మీదుగా లోపలికి చూసింది. బూడిద రంగు ఆడగుర్రం. తొట్టిలో ఉలవలు తింటూ, తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ తల దించుకుంది. ముత్యం అని పేరు. ఇంద్రజ అప్పటికే దాని దగ్గరికి పోయి మెడ కింద చేయి పెట్టి నిలబడింది. గుర్రం ముక్కు పిల్ల తలకంటే పెద్దదిగా ఉంది.

"ఎట్ల పడింది? చెప్పు నరేంద్రా. ఏమీ దాచొద్దు."

"చెట్టు కింద నిలబెట్టినా అత్తా. ఫోను మోగితే పక్కకు తిరిగినా. ఒక్క నిమిషం. తిరిగి చూసేలోపల కింద ఉంది."

"నువ్వు యాడుండావు?" మహానందమ్మ కోడలిని అడిగింది.

"అమ్మతో మాట్లాడుతాంటి. కొంగలు లేచినాయి మడిలో నుంచి. గుర్రం బెదిరిందనుకుంటా."

"బెదరలేదు బిందూ" అన్నాడు నరేంద్ర. "ముత్యం కదిలుంటే నా చేతిలో పగ్గం లాగేది. జీను పట్టీ వదులై ఉంటాది."

"పట్టీ నేనే బిగించినా కదా. వదులెట్లయితాది?" అంది హిమబిందు.

"అంటే నీ గుర్రం మంచిది, మా బిందు బిగించిన పట్టీది తప్పంటావా బావా?" ప్రశాంత్ గొంతు పెరిగింది. "పాపను ఎక్కించి ఫోను మాట్లాడేదేంది?"

"ముత్యం ఏం చెయ్యలేదు."

ఇంద్రజ గొంతు. అందరూ తిరిగారు.

"నేనే దిగినా."

"ఏందీ?"

"నేనే దిగుదామని దిగినా. బూటు రికాబులో ఇరుక్కునింది. అందుకే పడినా."

నరేంద్ర మెల్లగా పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ దించుతాడు కదా అమ్మీ. పిలిస్తే రానా?"

"నువ్వు చంకలో చేతులు పెట్టి ఎత్తుకొని దించుతావు. చిన్నపాప మాదిరి. పుట్టినరోజు పొద్దు కూడా అందరి ముందర అట్లనే దించుతావు కదా." పిల్ల నేల చూస్తూ చెప్పింది. "అందుకే దిగేది నేర్చుకుంటాంటి."

హిమబిందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"మరి నాతో చెప్పలేదేం బంగారూ?"

"నువ్వు చెప్పొద్దన్న్యావు కదా."

"ఎవురికీ చెప్పొద్దన్న్యా గానీ, నాకు..."

ఆ మాట పూర్తి కాలేదు. తను ఏం నేర్పిందో, పిల్ల ఏం నేర్చుకుందో ఆమెకు కనబడింది. చేతులు చాచింది. ఇంద్రజ వచ్చింది గానీ, ఒక చేయి గుర్రం మెడ మీదే ఉంచింది.

మహానందమ్మ అక్కడున్న గడ్డి మోపు మీద కూర్చుంది. ఇంతసేపూ మనసులో తయారుచేసుకున్న మాటలు ఇప్పుడు పనికి రావడం లేదు.

"అమ్మీ, ఒకటి అడుగుతా. గుర్రం ఎక్కేది నీకు ఇష్టమేనా?"

"ముత్యం ఇష్టం."

"అది కాదు. ఎక్కేది?"

పిల్ల ఆలోచించింది. "మామ, అవ్వ, అమ్మ ఉన్నప్పుడు ఇష్టం. అందరూ నన్ను చూసేకి వస్తే ఇష్టం లేదు."

"అట్లయితే పుట్టినరోజు వద్దా?"

"కావల్ల!" ఇంద్రజ గాభరాగా అంది. "వాళ్ళు ఎక్కుతారు. నేను పగ్గం పట్టుకుంటా. నేను తిప్పుతా అందరినీ. నాకొచ్చు, చూడు జేజీ."

ఎవరూ ఆపేలోగా కొయ్యకు కట్టిన తాడు విప్పింది. నరేంద్ర రెండు అంగల్లో పక్కకు చేరాడు గానీ తాడు తీసుకోలేదు. ఇంద్రజ నాలుక టిక్ టిక్ మనిపించి ముందుకు నడిచింది. ముత్యం కదిలింది.

కొట్టం ముందరి ఎండలోకి వచ్చాయి రెండూ. పిల్ల ఒరిగి అడుగు వేస్తోంది. గుర్రం తల వంచి, ఆ అడుగు కోసం ఆగి, తన అడుగు వేస్తోంది. చెట్టు చుట్టూ తిరిగి మళ్ళీ ఇటు వచ్చాయి. ఇంద్రజ ఒక్కసారి కూడా పెద్దవాళ్ళ వైపు చూడలేదు. గుర్రంతో ఏదో మాట్లాడుతోంది.

రామేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రశాంత్ ఫోను తీసి వీడియో తీయబోయి, ఎందుకో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

మొదట మాట్లాడింది మహానందమ్మ.

"ఆ కాలి మీద గుర్రం కాలు పెడితే?"

"నేను పక్కనే ఉంటా అత్తా."

"పక్కన కాదు. గుర్రానికీ పిల్లకూ మధ్యలో ఉండల్ల. ఆ పొద్దు నీ ఫోను నా దగ్గర ఇచ్చెయ్యల్ల. ఎక్కే పిల్లోళ్ళందరికీ తలకు టోపీలు ఉండల్ల, గట్టివి. ఎండ ఎక్కకముందే అయిపోవల్ల."

ఆమె వద్దనడం లేదు. ఒప్పుకుంటోంది. ఆ సంగతి అర్థమై ప్రశాంత్ తల్లి వైపు ఆశ్చర్యంగా చూశాడు.

కానీ హిమబిందు తల అడ్డంగా ఊపుతోంది.

"వద్దత్తా."

"ఏందీ వద్దు?"

"వేరేవాళ్ళ పిల్లోళ్ళు దర్జాగా పైన కూర్చుంటే, ఇది కింద గుర్రం పట్టుకొని తిరగల్లనా? దీని పుట్టినరోజుకు? ఎక్కితే ఎక్కనీ, లేకుంటే మానేద్దాం."

"అది అడిగేది అదే కదా బిందూ" అన్నాడు ప్రశాంత్.

"దానికేం తెలుసు? అందరూ నిలబడి చూస్తాంటే, వాళ్ళ ముందర ఇది కుంటుకుంటా..."

మాట నోట్లోంచి వచ్చేసింది.

ఆ ఇంట్లో గానీ ఈ ఇంట్లో గానీ, ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు. డాక్టర్ల దగ్గర కూడా 'నడకలో కొంచెం తేడా' అనేవాళ్ళు. హిమబిందు చేత్తో నోరు మూసుకుంది.

మహానందమ్మ కోడలిని తిట్టలేదు. కళ్ళు దించుకుంది.

ఇంద్రజ గుర్రాన్ని ఆపింది. విన్నదో లేదో మొహం చూస్తే తెలియలేదు. ముత్యం నుదుటి మీది వెంట్రుకలు సరిచేస్తోంది, వేలితో ఒక్కొక్కటిగా.

హిమబిందు కూతురి వైపు ఒక అడుగు వేసింది. అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. ఎవరిదో చూడకుండానే ఎత్తింది, ఆ నిశ్శబ్దం ఎట్లాగైనా ఆగిపోతే చాలని.

"అక్కా, నేను మాధురి. పవన్ వాళ్ళమ్మను."

హిమబిందు బిగుసుకుపోయింది. అటు నుంచి గొంతు గలగలా వస్తోంది. గుర్రానికి దగ్గరగా నిలబడ్డ అందరికీ వినబడేంత పెద్దగా.

"గ్రూపులో అందరూ రామంటాండారు కదక్కా. మావాడు మాత్రం ఒకటే గోల, పోవల్ల, గుర్రమెక్కల్ల అని. రాత్రి అన్నం గూడా తినలేదు. మీరు ఏమనుకోకుంటే వాన్ని తీసుకొస్తా. పర్వాలేదా అక్కా?"

వస్తానన్నది ఈ ఒక్కడే. ముప్పై మందిలో ఈ ఒక్కడే. హిమబిందు నాలుక మీద 'క్యాన్సిల్ అయింది' అన్న మాట సిద్ధంగా ఉంది.

"ఎవరమ్మా?" ఇంద్రజ అడిగింది.

"ఎవరూ కాదు. బడి వాళ్ళు."

"పవన్ వాళ్ళమ్మ కదా. వినపడింది." పిల్ల గొంతులో బెరుకు లేదు. "రమ్మను."

హిమబిందు ఫోను మీద చేయి అడ్డం పెట్టింది. "వాడెందుకమ్మా? వినీతను పిలుద్దాం. నేను వాళ్ళ జేజితో మాట్లాడతా. ఆద్య వాళ్ళమ్మతో మాట్లాడతా."

"వాడే రానీ. వాన్ని నేను తిప్పుతా."

"ఎందుకు బంగారూ?" ఈసారి అడిగింది మహానందమ్మ.

ఇంద్రజ జేజి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్తున్నట్లు చెప్పింది.

"వాడు పైన ఉంటాడు కదా. అప్పుడు నా మాదిరి నడిచేకి వానికి కుదరదు."

అంటే కారులో పిల్ల నిద్రపోలేదు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలో పసితనం ఎంతో, ఇంకేదో ఎంతో ఇద్దరికీ తెలియలేదు. నవ్వుతున్న పిల్లల మధ్య నిలబడి తనూ నవ్విన రోజు లోపల ఏం దాచుకుందో, ఇంకా ఏమేం దాచుకుందో.

"హలో? అక్కా? లైనులో ఉండారా?"

హిమబిందు చేయి తీసింది. "ఉండా. తీసుకురండి మాధురీ."

అనేసి, ఆ మాట ఎట్లా వచ్చిందో తనకే తెలియక, అవతల థాంక్స్ చెప్తుండగానే ఫోను ఆపేసింది.

"ఆ పిల్లోన్ని ఎక్కించినప్పుడు నేను పట్టుకుంటా పగ్గం" అన్నాడు ప్రశాంత్ గబగబా. "నువ్వు నా పక్కన నడుద్దువు, సరేనా?"

"వద్దు నాయనా. నేనొక్కదాన్నే" అంది ఇంద్రజ.

నరేంద్ర అప్పుడు చూశాడు పిల్ల చేతిని. తాడును మణికట్టు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొస పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"అట్ల చుట్టుకోగూడదు ఇంద్రా" అన్నాడు మెత్తగా, గుర్రం బెదరకుండా. "ముత్యం ఒక్కసారి లాగిందంటే నిన్నూ ఈడ్చుకొని పోతాది. వదులుగా పట్టుకోవల్ల. తియ్ అమ్మీ, ఆ చుట్లు తీసెయ్."

ఇంద్రజ మామ చెప్పిందంతా విన్నది. తల కూడా ఊపింది.

చుట్లు మాత్రం విప్పలేదు.